టెక్ సందేహాలు: పాత 486కి పోర్టు కేబుళ్లు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న: మా మామయ్య ఆఫీసు స్టోర్‌రూమ్‌లో 1990ల నాటి 486 ప్రాసెసర్ మదర్‌బోర్డు ఒకటి దొరికింది. ఆన్ అవుతోంది. కానీ సీరియల్, ప్యారలల్ పోర్టుల కేబుళ్లు లేవు. అవి లేకుంటే మౌస్ కూడా పెట్టలేను. విదేశాల నుంచి తెప్పిస్తే షిప్పింగ్‌తో కలిపి చాలా అవుతోంది. ఇక్కడే చౌకగా దొరుకుతాయా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: దొరుకుతాయి. కాకపోతే షాపులో ‘486 కేబుల్’ అని అడగొద్దు, లేదంటారు. ‘పది పిన్నుల ఎఫ్ఆర్‌సీ కనెక్టర్, ఎఫ్ఆర్‌సీ టైప్ డీబీ9 మేల్’ అని అడగండి. ప్యారలల్ పోర్టుకైతే 26 పిన్నుల ఎఫ్ఆర్‌సీ, డీబీ25 ఫిమేల్. ఎఫ్ఆర్‌సీ అంటే చదునైన రిబ్బన్ కేబుల్; డీబీ9, డీబీ25 అంటే 9, 25 పిన్నుల పోర్టు కనెక్టర్లు. ఇవి ఇప్పటికీ తయారవుతున్నాయి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో విడివిడిగా అమ్ముతారు.

రిబ్బన్ కేబుల్ కొనక్కర్లేదు. పాత హార్డ్‌డిస్క్ ఐడీఈ కేబుల్‌లో 40 తీగలుంటాయి. అందులోంచి 9 తీగలు ఒక ముక్కగా, 25 తీగలు ఇంకో ముక్కగా చీల్చుకోండి. సన్న తీగలుండే 80 తీగల కేబుల్ మాత్రం వద్దు, ఈ కనెక్టర్లలో కూర్చోదు. కనెక్టర్‌ను సుత్తితో కొట్టకుండా బెంచ్ వైస్‌లో పెట్టి నెమ్మదిగా బిగించండి. మొదటి తీగ రెండు చివరలా 1వ పిన్ వైపే ఉండాలి.

అసలు చిక్కు సీరియల్ కేబుల్‌లో ఉంది. బోర్డు మీది పది పిన్నుల అమరిక రెండు రకాలు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఇది తెలియక నేను ఓ సాయంత్రమంతా కదలని మౌస్‌తో కుస్తీ పట్టాను, మౌస్ పోయిందనుకుని కొత్తది కూడా కొన్నాను. మీకు ఆ ఖర్చు వద్దు. కేబుల్ తయారు చేసే ముందే కరెంటు పూర్తిగా తీసేసి, మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టండి. ఒక ప్రోబ్‌ను పవర్ కనెక్టర్ నల్ల తీగకు తాకించండి. రెండోదాన్ని 1వ పిన్ ఉన్న వరసలోని అయిదు పిన్నులకు ఒక్కొక్కటిగా తాకించండి. చివరి పిన్ దగ్గర బీప్ వస్తే నేరుగా ప్రెస్ చేసిన ఎఫ్ఆర్‌సీ కేబుల్ సరిపోతుంది. మధ్య పిన్ దగ్గర వస్తే అది రెండో రకం. దానికి సోల్డర్ టైప్ డీబీ9 కొని, మొదటి తీగను 1కి, రెండో తీగను 2కి, అలా తొమ్మిది వరకు వరసగా అతికించాలి. కాస్త కొత్త కంప్యూటర్ల స్క్రాప్‌లో దొరికే రెడీమేడ్ బ్రాకెట్లు (కేబుల్‌తో సహా పోర్టు బిగించిన రేకులు) ఎక్కువగా ఈ రెండో రకానివే. ప్యారలల్‌కు ఈ తంటా లేదు.

ప్రశ్న: పాత బోర్డులోని లావు గుండ్రటి కీబోర్డు సాకెట్‌కు మ్యూజిక్ కీబోర్డుల మిడి కేబుల్ కోసి వాడాను. ప్లగ్ పడుతోంది, కీబోర్డు పనిచేయడం లేదు. ఎందుకు? (ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: రెండూ అయిదు పిన్నుల డిన్ ప్లగ్గులే. కానీ చాలా మిడి కేబుళ్లలో 2, 4, 5 పిన్నులకే లోపల తీగలుంటాయి. కీబోర్డుకు 1వ పిన్ కూడా కావాలి, క్లాక్ సిగ్నల్ వచ్చేది దాని మీదే. విడి డిన్ ప్లగ్ కొని 1, 2, 4, 5 నాలుగూ అతికించండి. మీది పీఎస్/2 (చిన్న గుండ్రటి ప్లగ్) కీబోర్డయితే టంకం పని కూడా అక్కర్లేదు, పీఎస్/2 నుంచి డిన్‌కు మార్చే చిన్న అడాప్టర్ చాలు.