చిట్టీ, ముందు ఎడమ సీటు తీసుకో

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు కెప్టెన్‌గా, అంటే కాక్‌పిట్‌లో ఎడమ సీటుకు, అప్‌గ్రేడ్ అయ్యే వంతు న్యూయార్క్ లాగార్డియా బేసులో వచ్చిందట. ఆ మాటకు మీ పెద్దమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టడానికి లేచింది కూడా. అంతలో మీ అమ్మ మిగతాది చెప్పింది. నువ్వు ఇప్పుడే వద్దనుకుంటున్నావట. మీ కంపెనీకి కొత్త కాంట్రాక్టు దాదాపు ఖాయమట, రాలీలో బేసు (పైలట్ల డ్యూటీ మొదలయ్యే చోటు) తెరుస్తారట, అప్పుడు ఇంటి దగ్గరే కెప్టెన్ కావచ్చట. ఆ ధైర్యంతోనే రాలీ పక్కన కేరీలో ఇల్లు కూడా చూశారట.

ఇన్ని "అట"లు ఉన్న పథకం మీద ముప్పై ఏళ్ళ అప్పు చేస్తారా తల్లీ?

నీకు తెలియనిది కాదు గానీ, ఈ ఉత్తరం అల్లుడికీ చూపిస్తావు కనుక రాస్తున్నాను. మనవి రీజనల్ కంపెనీలు, అంటే పెద్ద ఎయిర్‌లైన్ల తరఫున చిన్న విమానాలు నడిపేవి. మనం నడిపే విమానం తోక మీద డెల్టా, యునైటెడ్, అమెరికన్‌లలో ఎవరిదో ఒకరి రంగు ఉంటుంది. టికెట్లు అమ్మేది వాళ్ళు, ఏ ఊరికి ఎప్పుడు ఎగరాలో చెప్పేది వాళ్ళు, ఇంధనం ఖర్చూ వాళ్ళదే. విమానానికింత, నడిచిన గంటకింత, బయలుదేరిన ప్రతిసారికీ ఇంత అని మన కంపెనీకి ముడుతుంది. ఆ కాంట్రాక్టు గడువు తీరాక పొడిగించకపోతే కంపెనీకి పేరు ఉంటుంది, పని ఉండదు. విమానాలు పెద్ద కంపెనీవే అయితే వాటినీ తీసి మరొకరికి ఇచ్చేస్తుంది. 2020 జులైలో యునైటెడ్ తన ఎంబ్రేయర్ 145 జెట్‌లు నడిపే పనంతా కమ్యూట్‌ఎయిర్ అనే రీజనల్‌కు అప్పగిస్తున్నామంది. అంతవరకు వాటిని నడుపుతున్న మరో రీజనల్ ఎక్స్‌ప్రెస్‌జెట్‌కు సెప్టెంబరు 30తో యునైటెడ్ పని ఆగిపోయింది. అప్పట్లో ఆ రెండింటిలోనూ యునైటెడ్‌కు వాటా ఉండేది, చూశావా! పూర్తిగా సొంత కంపెనీ అయితే భద్రమంటారు కొందరు. డెల్టా సొంతమైన కామ్‌ఎయిర్‌ను 2012లో మూసేసింది డెల్టానే.

పెద్ద విమానాలు వస్తున్నాయన్న కబురు నేను ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కుడి సీటు కో-పైలట్‌గా, చేరిన నాటి నుంచీ క్రూ రూముల్లో వింటూనే ఉన్నాను. 76 సీట్లు, 86,000 పౌండ్ల బరువు: అంతకు మించిన విమానం రీజనల్‌కు ఇవ్వకూడదు. పెద్ద కంపెనీల పైలట్లు తమ పని బయటికి పోకుండా ఒప్పందంలో గీసుకున్న గీత అది. స్కైవెస్ట్ అనే రీజనల్ 2012లో మిత్సుబిషికి ఏకంగా వంద విమానాల ఆర్డరు ఇచ్చింది. వాటి తొంభై సీట్ల నమూనా ఆ గీత దాటేది. గీత ఎప్పటికైనా జరుగుతుందని అందరూ అనుకున్నారు. జరగలేదు. చివరికి 2023లో మిత్సుబిషి ఆ ప్రాజెక్టునే వదిలేసింది. అన్ని లెక్కలు వేసేవాళ్ళకే అంచనా తప్పితే, కాఫీ మెషీన్ దగ్గర నిలబడి మనం వేసే లెక్క ఎంత?

నాతో పాటు క్రాష్ ప్యాడ్‌లో, అంటే బేసు దగ్గర సిబ్బంది పంచుకునే అద్దె గదిలో, ఉండిన ఒక నెబ్రాస్కా రైతుబిడ్డ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ గదిలో నాది కింది మంచం, అతనిది పై మంచం. నాకంటే బాగా నడిపేవాడు. ఈదురుగాలిలో అతను దింపితే చక్రాలు నేలను తాకిన సంగతి వెనక కూర్చున్నవాళ్ళకు తెలిసేది కాదు. అతనికి కెప్టెన్ వంతు వచ్చింది, కానీ న్యూయార్క్ బేసులో, అదీ రిజర్వ్ మీద, అంటే పిలిచినప్పుడల్లా వెళ్ళే డ్యూటీ. ఫస్ట్ ఆఫీసర్‌గానే ఉంటే శని, ఆదివారాలు సెలవు. కొడుకు బేస్‌బాల్ ఆటలకు వెళ్ళవచ్చు. అందులో నేను తప్పు పట్టను. మా ఇంట్లో పిల్లల పుట్టినరోజుల ఫోటోల్లో నేను లేకపోవడం నువ్వూ చూశావు కదా.

అతన్ని ముంచింది ఆ సెలవులు కాదు, నెబ్రాస్కాలోని ఒమాహా. కొత్త కాంట్రాక్టు వస్తుందనీ, ఒమాహాలో బేసు తెరుస్తారనీ ఎవరో అన్నారు. ఇక ఎటు చూసినా అతనికి ఆనవాళ్ళే. రాత్రుళ్ళు అక్కడ ఒక విమానం అదనంగా నిలిపారు, అదొకటి. సిబ్బంది దిగే హోటల్ మారింది, అదొకటి. శిక్షణ విభాగంలో ఎవరో కొత్త సిమ్యులేటర్ మాట ఎత్తారు, అదింకొకటి. ఒమాహాకు దగ్గరలో ఇల్లు కొన్నాడు. వంతు వచ్చిన ప్రతిసారీ "బేసు తెరిచాక తీసుకుంటాను" అంటూ వదిలేశాడు. మబ్బులను చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్టు, చేతికి వచ్చినదాన్ని పారబోసుకున్నాడు. అతని వెనక చేరిన కుర్రాళ్ళు న్యూయార్క్‌కు వెళ్ళి, రిజర్వ్‌లో విసుక్కుంటూనే కెప్టెన్ నాలుగు చారలు తగిలించుకున్నారు.

వచ్చింది కాంట్రాక్టు కాదు, పొడిగించడం లేదన్న మెమో. విమానాలు ఒక్కొక్కటే, పని లేనివాటిని నిలిపే ఎడారికి వెళ్ళాయి. ఆ కుర్రాళ్ళను పెద్ద కంపెనీలు పిలిచాయి. ఇతని లాగ్‌బుక్‌లో వేల గంటలున్నాయి, కానీ అన్నీ కుడి సీటులోనివి. దరఖాస్తులో కమాండ్‌లో, అంటే కెప్టెన్‌గా, నడిపిన జెట్ గంటలు ఎన్నని అడిగిన గడిలో సున్నా. నలభై దాటిన మనిషి ఇంకో రీజనల్‌లో సీనియారిటీ జాబితా అడుగున చేరాడు. అప్పట్లో మొదటి ఏడాది జీతం పాతిక వేల డాలర్లు దాటేది కాదు. ఇల్లు బ్యాంకుకు పోయింది. అతని భార్య చివరి వరకూ ఒక్క మాట అనలేదని ఫోన్లో చెబుతూ ఏడ్చాడు. అంతటి మనిషి ఏడవడం నేను అంతకుముందు వినలేదు.

నువ్వేమంటావో నాకు తెలుసు. "పెదనాన్నా, ఇప్పుడు కమాండ్ గంటలు లేకున్నా తీసుకుంటున్నారు" అంటావు. 2022లో తీసుకున్నారు, నిజమే. 2024లో నియామకాలు ఎలా నెమ్మదించాయో కూడా చూశావు. గిరాకీ ఉన్నప్పుడు ఎవరూ ఆ గడి చూడరు. తగ్గినప్పుడు మొదట చూసేది అదే. కెప్టెన్ కావడానికి పార్ట్ 121 (ఎయిర్‌లైన్ల నిబంధనలు) కింద కావలసిన వెయ్యి గంటలు ఎప్పుడో దాటావు, నిన్ను ఆపే రూలు ఏదీ లేదు. కాంట్రాక్టు వచ్చినా, పోయినా నీ వెంట వచ్చేది ఎడమ సీటు గంటలు ఒక్కటే. సీనియారిటీ కూడా రాదు.

లాగ్‌బుక్‌కు రెండు నకళ్ళు ఉంచు. పెద్ద కంపెనీల దరఖాస్తులు నెలనెలా సరిచూడు. మెడికల్ సర్టిఫికెట్ గడువు మరిచిపోకు. బోనసు ఇస్తామంటే వెనక్కి కట్టించుకునే షరతు చదివి సంతకం పెట్టు.

కాంట్రాక్టుల సంగతి తెలుసుకోవాలంటే, స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ ఏటా ప్రభుత్వానికి దాఖలు చేసే టెన్-కె చదువు. ఎవరి కోసం ఎన్ని విమానాలు నడుపుతున్నారో, గడువులు ఏయే సంవత్సరాల్లో తీరుతాయో అందులో ఉంటుంది. నాకు ఆ కాగితం చాలా ఆలస్యంగా పరిచయమైంది. నిద్ర రాని రాత్రి దాన్ని మించిన మందు లేదు. అయినా చదువు.

ఇల్లు కొనవద్దనడం లేదు. అల్లుడి ఉద్యోగం అక్కడే కనుక, అతని ఒక్క జీతంతో వాయిదా కట్టగలిగితే కొనండి. నీకు కెప్టెన్ జీతం వస్తుందని లెక్క వేసి కొనకండి. బేసు వస్తుందని అసలే కొనకండి. అప్పుల విషయంలో నాకు భయం ఎక్కువని మీ పెద్దమ్మ అంటుంది. అననీ.

లాగార్డియాకు వారం వారం వెళ్ళిరావడం, కాక్‌పిట్‌లోని అదనపు సీటు, ఆ జంప్ సీటు, దొరక్క గేటు దగ్గర పడిగాపులు పడటం, పాపను వదిలి ఉండటం నాకు తెలియని కష్టాలా? తెలిసీ వెళ్ళమంటున్నాను. కిందటి ఏడాది నీతో ఎగిరిన కెప్టెన్ ఒకాయన నా పాత స్నేహితుడు. "మీ అమ్మాయి పక్కన ఉంటే నాకు పని ఉండదు" అన్నాడు. నెత్తికెక్కుతుందని నీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఈసారి బిడ్ (ఏ సీటు, ఏ బేసు కావాలో కోరుకునే గడువు) ఎప్పుడు మూస్తారో నాకు మెసేజ్ పెట్టు. సిమ్యులేటర్ శిక్షణ వారాలు తెలిస్తే పెద్దమ్మ రాలీ వచ్చి పాప దగ్గర ఉంటుంది. నేనూ వస్తాను గానీ, నాకు వంట రాదని అల్లుడికి ముందే చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న