పిల్లికూతలన్నీ ఆస్తమా కాదు

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. రెండేళ్ల క్రితం గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. ఎకోలో పంపింగ్ 35 శాతం అన్నారు. నెల రోజులుగా పడుకోగానే దగ్గు, పిల్లికూతలు. అర్ధరాత్రి ఆయాసంతో లేచి కూర్చుంటున్నారు. ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చారు కానీ పెద్దగా గుణం లేదు. ఆయన ఎన్నడూ పొగ తాగలేదు, ఉబ్బసం కూడా లేదు. గుండె జబ్బు ఊపిరితిత్తుల మీద కూడా పడుతుందా?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: పడుతుందమ్మా. మీరు రాసింది చూస్తే ముందుగా అనుమానించాల్సింది గుండెనే. పంపింగ్ తగ్గిన మనిషికి ఈ వయసులో కొత్తగా పిల్లికూతలు వస్తే, గుండెను మళ్లీ పరీక్షించకుండా ఆస్తమా అని తేల్చకూడదు.

ఊపిరితిత్తుల నుంచి వచ్చిన రక్తాన్ని గుండె ఎడమ జఠరిక ముందుకు నెట్టలేకపోతే వెనక ఒత్తిడి పెరుగుతుంది. ఊపిరితిత్తుల కేశనాళికల్లో అది మామూలుగా 12 మి.మీ. (బీపీ కొలిచే పాదరసం లెక్కే) లోపు ఉంటుంది. 18 దాటితే నీరు బయటికి ఊరడం మొదలవుతుంది, 25 దాటితే గాలి గదుల్లోకే చేరుతుంది. అంతకుముందే ఆ నీరు శ్వాసనాళాల చుట్టూ చేరి గోడలు ఉబ్బుతాయి, లోపలి దారి సన్నబడుతుంది. పిల్లికూత వచ్చేది అక్కడే. డాక్టర్లు దీన్ని కార్డియాక్ ఆస్తమా అంటారు. ఆస్తమాలో నాళాల కండరం బిగుసుకుంటుంది. ఇక్కడ ప్రధానంగా ఉన్నది నీటి వాపు. అందుకే సాల్బుటమాల్ పఫ్ కాస్త తేలిక చేసినా నిలవదు, పైగా గుండె వేగం పెంచుతుంది. పడుకున్నప్పుడు కాళ్లలోని రక్తం, నీరు ఛాతీలోకి మళ్లుతాయి కాబట్టి బాధ రాత్రిపూట ఎక్కువ.

ఈ వారంలోనే కార్డియాలజిస్టును కలవండి. ఎకో, ఛాతీ ఎక్స్‌రేతో పాటు ఎన్‌టి-ప్రోబిఎన్‌పి రక్త పరీక్ష అడగండి. అది 125 లోపు ఉంటే గుండె వైఫల్యం ఉండే అవకాశం తక్కువ. ఊది చేసే స్పైరోమెట్రీకి తొందరపడొద్దు. నీరు ఉండగా చేస్తే ఫలితం తక్కువ చూపించి, లేని జబ్బు ఫైలుకెక్కుతుంది. ఫ్యూరోసెమైడ్ లాంటి నీరు మాత్రలతో ఛాతీ తేలికపడి, మూడు నెలలు నిలకడగా ఉన్నాక చేయిస్తే నమ్మొచ్చు.

మందుల చీటీ కూడా ఒకసారి చూడండి. రామిప్రిల్, ఎనలాప్రిల్ కొందరికి పొడిదగ్గు తెప్పిస్తాయి. అది గొంతులో గీరినట్టు పగలూ రాత్రీ వస్తుంది, ఆయాసం ఉండదు. అలాగైతే డాక్టరే టెల్మిసార్టాన్ వంటిదానికి మారుస్తారు, మీరుగా ఆపొద్దు. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వాడుతుంటే తప్పక చెప్పండి, అది ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది.

ఇంట్లో రోజూ ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు, ఒకే మిషన్ మీద బరువు చూసి రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూన్ దాటకూడదు. కూరలో తగ్గించి, పెరుగన్నంలోకి ఊరమిరపకాయ, అప్పడం, ఆవకాయ పెడితే తగ్గించినదంతా వృథా. తక్కువ సోడియం ఉప్పు జోలికి పోకండి, అందులో పొటాషియం ఉంటుంది. రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వాడేవారికి అది ప్రమాదం.

గులాబీ రంగు నురగతో కళ్లె, ఒక వాక్యం కూడా పూర్తి చేయలేనంత ఆయాసం, పెదాలు నీలంగా మారడం, ఆక్సీమీటర్‌లో 90 లోపు చూపించడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన్ను పడుకోబెట్టకండి. కాళ్లు కిందికి వేలాడేలా మంచం అంచున కూర్చోబెట్టండి.

ప్రశ్న: నాకు చిన్నప్పటి నుంచి ఆస్తమా. ఇప్పుడు గుండె బలహీనతకు కార్వెడిలాల్ రాశారు. వేసుకున్నప్పటి నుంచి ఛాతీ బిగుతుగా ఉంది. ఆపేయనా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: హఠాత్తుగా ఆపితే గుండె వేగం, బీపీ ఎగదన్నొచ్చు. ఈ రోజే డాక్టర్‌కు చెప్పండి. కార్వెడిలాల్ గుండెతో పాటు శ్వాసనాళాల్లోని బీటా గ్రాహకాలను (అడ్రినలిన్ సంకేతాలు అందుకునే చోట్లను) కూడా అడ్డుకుంటుంది, మీ పఫ్ పనిని కూడా మొద్దుబారుస్తుంది. బైసోప్రొలాల్, మెటోప్రొలాల్ ఎక్కువగా గుండె మీదే పనిచేస్తాయి. వాటిని చిన్న మోతాదుతో మొదలుపెట్టి, ఊపిరి గమనిస్తూ పెంచడం మీలాంటివారికి మేలైన దారి. మార్చేలోపు బిగుతు ఎక్కువై, పఫ్‌కు లొంగకపోతే ఆసుపత్రికి వెళ్లండి.