మిస్ కేరళ చేపలు ఫిల్టర్ కిందే నిలబడుతున్నాయంటే

3 అడుగుల ట్యాంకులో వేసిన నాలుగు మిస్ కేరళ చేపలు రోజంతా ఫిల్టర్ నీళ్లు పడేచోటే నిలబడుతున్నాయనీ, ఒకటి ఎగిరి బయటపడి చనిపోయిందనీ రాశారు. ముందు థర్మామీటర్ పెట్టి చూడండి. ఈ ఎండల్లో నీళ్లు 30 డిగ్రీలు దాటే ఉంటాయి.

ఇది పడమటి కనుమల్లో పుట్టిన చేప. చాలియార్, వలపట్టణం లాంటి కేరళ నదుల్లో రాళ్ల మధ్య పారే చల్లటి నీటికి గుంపుగా ఎదురీదుతుంది. 20 నుంచి 25 డిగ్రీలు దానికి హాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30కి వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. అందుకే గాలి కలిసేచోటికి చేరుతున్నాయి. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయా, కంటి మీదుగా పోయే ఎర్రగీత వెలిసిపోయిందా చూడండి. రెండూ ఉంటే, చేపల వ్యర్థాల నుంచి నీటిలో చేరే విషం అమ్మోనియాకు పరీక్ష కూడా చేయాల్సిందే. సున్నా కాకపోతే వెంటనే మూడో వంతు నీళ్లు మార్చండి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలిపాకే పోయాలి.

వేడి తగ్గించడానికి ఐసు ముక్కలు వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోలేదు. నీటి మీదుగా వీచేలా చిన్న ఫ్యాన్ పెడితే నీళ్లు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి, తగ్గిన నీళ్లు రోజూ నింపుకోవాలి. ఫిల్టర్ మూతిని పైకి తిప్పి నీటిమట్టం అంతా అలలాడేలా చేయండి. కరెంటు పోతే గుంపు మొత్తం గంటల్లో పోవచ్చు, నీటిలోకి గాలి పంపే బ్యాటరీ ఏరేటర్ తప్పకుండా ఉంచుకోండి.

ఎగరడం వీటి నైజం. బెదిరినా, చోటు చాలకపోయినా ఎగురుతాయి. మూత పెట్టామనుకుంటాం కానీ పైపు, వైరు వెళ్లే సందులోంచే బయటపడతాయి. ఆ సందును స్పాంజితోనో ప్లాస్టిక్ జాలీతోనో మూసేయండి, నీటికీ మూతకూ మధ్య రెండంగుళాలు ఖాళీ వదలండి.

దుకాణంలో రెండంగుళాల పిల్లను చూస్తే 3 అడుగులు చాలనిపిస్తుంది. అది ఐదారు అంగుళాలు పెరుగుతుంది, అటూ ఇటూ దూసుకుపోతూనే ఉంటుంది. పొడవు 4 అడుగులు, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర చొప్పున ఉంటే సుమారు 250 లీటర్లు, ఆరు చేపలకు అదే కనీసం. దానికి గంటకు 1500 నుంచి 2000 లీటర్లు తిప్పే ఫిల్టర్ కావాలి. మేతకు గుళికలతో పాటు వారానికి రెండుసార్లు ఉడికించిన పాలకూర ఇవ్వండి, లేదంటే మెత్తటి మొక్కల్ని కొరికేస్తాయి.

మూడే ఉంటే ఒకదాన్నొకటి తరుముకుంటాయి, గుంపు ఆరుకు పెరగాలి. అయితే ఇప్పుడున్న ట్యాంకులో కొత్తవి వేయొద్దు. పెద్దది సిద్ధమయ్యాక, ఫారంలో పెంచినవేనా అని అడిగి కొనండి. నదుల్లో వీటి సంఖ్య పడిపోయి, అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేరింది. తెచ్చినవాటిని మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచాకే పాతవాటితో కలపండి.