రూటర్ కొనే ముందు

అమ్మలూ,

నెట్ స్లో అని 12 వేలు పెట్టి రూటర్ కొనబోతున్నావని మీ అమ్మ చెప్పింది. సొంత జీతం, సొంత నిర్ణయం. గర్వంగానే ఉంది. కానీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో జుట్టు నెరిసిన మామయ్యని ఒక్క మాట అడగాలనిపించలేదా?

లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో ఇప్పుడున్న డబ్బాకే కలిపి స్పీడ్ టెస్ట్ పెట్టు. నీ ప్లాను 100 ఎంబీపీఎస్ కదా. కేబుల్ మీద 90 పైన వస్తే లైను బాగున్నట్టే, లోపం వైఫైలో ఉంది. అక్కడే 30 వస్తుంటే ఎంత ఖరీదైన రూటరూ ఏమీ చెయ్యలేదు. కంప్లయింట్ పెట్టు. నెలాఖర్లోనే నెమ్మదిస్తే డేటా లిమిట్ దాటిందేమో చూడు.

మీ నాన్న ఇలా చూసుకోలేదు. రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ వచ్చే రోజులు, నువ్వు ఐదో తరగతి. నెట్ మాటిమాటికీ పోతోందని మోడెం మార్చాడు. తగ్గలేదు. ఇంకోటి కొన్నాడు, యాంటెనాలు ఎక్కువున్నది. అదీ అంతే. నన్నడిగితే చిన్నతనం మరి! సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దును కదా, వెనక గదిలో ఫోను మోగినప్పుడల్లా మోడెం మీద లైను నిలిచిందో లేదో చెప్పే డీఎస్ఎల్ లైటు కొట్టుకుంటోంది. మాటా నెట్టూ ఒకే తీగ మీద వచ్చేవి కాబట్టి ప్రతి ఫోనుకీ ముందు రెంటినీ వేరుచేసే చిన్న ఫిల్టర్ ఉండాలి. హాల్లో ఫోనుకి పెట్టారు. మీ నానమ్మ కోసం వెనక గదిలోకి లాగించిన ఫోనుకి లేదు. ఆ ఫోను పీకేశాను, లైటు నిలబడింది. రోగం ఒకటి, మందు ఇంకోటి. బావ ఏమీ అనలేదు. సాయంత్రం నాకిష్టమని మిరపకాయ బజ్జీలు పట్టుకొచ్చాడు, అదే ఆయన సారీ చెప్పడం. అడగకపోవడంలో నీదీ ఆ పోలికే.

నీ ఇంట్లో నా అనుమానం చోటు మీద. వీడియో కాల్లో చూశాను, రూటర్ టీవీ వెనక, పక్కనే ఇనప బీరువా. నువ్వు పనిచేసేది రెండు గోడల అవతల. దాన్ని హాల్లోకి తెచ్చి కాస్త ఎత్తులో పెట్టు. వైఫై మామూలుగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్ల మీద, అంటే రెండు రేడియో దారుల్లో వస్తుంది. 5 ఉంటే దానికే కలుపు. 2.4లో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు మూడే: 1, 6, 11. మీ అపార్ట్‌మెంట్ అంతా వాటి మీదే పడి ఉంటుంది. 5కి గోడలంటే పడదు, అందుకే చోటు మార్చమంటున్నది.

నీ డబ్బా 2.4 ఒక్కటే ఇచ్చేదైతే మాత్రం కొను. లేదా ప్లాను 300కి పెంచాక పాతదాని పోర్టులు (కేబుల్ గుచ్చే చోట్లు) 100 దగ్గర ఆగిపోతున్నా కొను. రెండు బ్యాండ్లు, గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు ఉన్న మామూలుది చాలు. కొత్త తరం వైఫై 7 అని ఊదరగొడతారు, నీ ఫోనులో అది లేకపోతే ఆ వేగం నీదాకా రాదు. లాన్ కేబుల్ చివర ప్లగ్గులో 8 తీగలూ బిగించారో (క్రింప్ చేశారో) లేదో చూసుకో. కొందరు నాలుగే కలిపి వెళ్లిపోతారు, అలాంటిది 100 దాటదు.

ఇక ప్లాస్టిక్ కుర్చీ ఎక్కకు. ఫైబర్ తీగని మడవకు, లోపల గాజు. ఊడిన కొనలోకి కన్ను పెట్టి చూడకు. ఉరుములొస్తే అడాప్టర్ తీసెయ్. ఫైబర్‌లో కరెంటు రాదని వాదిస్తావు, నిజమే, గోడ ప్లగ్గులోంచి వస్తుంది. పిడుగుకి కాలిన లైన్‌మన్ చేతులు చూసినవాణ్ణి, నాతో వాదించకు.

ఇప్పటికే ఆర్డర్ పెట్టేసి ఉంటే అట్టపెట్టె చించకుండా రిటర్న్ గడువు చూడు. కేబుల్ మీద ఎంత వచ్చిందో, వైఫై మీద ఎంత వచ్చిందో రాత్రికి వాట్సాప్‌లో పెట్టు.

మామయ్య