చిన్నీ, ఆ ఆదివారం నిక్కో వద్దు

చిన్నీ,

"అక్కా, నన్ను జపాన్ తీసుకెళ్తోందే పిల్ల" అని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ గొంతులో సంబరం వింటుంటే నాకూ కళ్ళు చెమర్చాయి. తెనాలి నుంచి బెజవాడ వెళ్ళాలన్నా తోడు కావాలనేదానివి. ఇప్పుడు అరవై దాటిన అమ్మని, నాలుగేళ్ళ చంటాడిని, అల్లుడుగారిని వెంటేసుకుని టోక్యో బయల్దేరుతున్నావు. గర్వంగా ఉండదూ మరి! ఆ గర్వం నువ్వు పంపిన ప్లాను తెరిచేదాకానే. 2026 నవంబర్ 22, ఆదివారం: పొద్దున టోక్యోలోని అసకుసాలో షాపింగ్, అట్నుంచటే నిక్కో అనే కొండ ఊరు, మధ్యాహ్నం ఆ పైన చూజెంజీ సరస్సు, రాత్రికి వెనక్కి. ఇది చూశాక నాకు నిద్రెక్కడిది?

తారీఖు సంగతి ముందు చెప్తాను. 23 సోమవారం వాళ్ళకి సెలవు, శ్రామికులకు కృతజ్ఞతలు చెప్పుకునే రోజు. అంటే శని, ఆది, సోమ మూడూ వరస సెలవులే. టోక్యో జనమంతా చలికి ముందు ఎర్రబడే ఆకులు చూడ్డానికి కొండల మీద పడేది అప్పుడే. పోనీ అంత కష్టపడి వెళ్తే ఆకులుంటాయా? నిక్కోలో ఎరుపు పైనుంచి కిందికి దిగుతుంది. పైన సెంజొగహరా చిత్తడి మైదానంలో అక్టోబర్ మొదట్లో, సరస్సు చుట్టూ అక్టోబర్ రెండో సగంలో, కింద తోషోగూ గుడి దగ్గర నవంబర్ మొదటి సగంలో. నువ్వెళ్ళేసరికి సరస్సు దగ్గర మోడులే. నవంబర్ ఆఖరు టోక్యో వంతు. మెయిజీ జింగూ గైఎన్ దగ్గర గింకో చెట్ల బాట పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. రికుగిఎన్ తోటలో మేపుల్ చెట్లు ఎర్రబడతాయి. రెండూ ఊళ్ళోనే, మెట్రో దిగి నడిచిపోవచ్చు.

మీ పెదనాన్నా ఇలాగే వినలేదు. మేం టోక్యోలో నిషికసాయ్‌లో కాపురం ఉన్నప్పుడు మా అత్తగారు వచ్చారు. అక్టోబర్ చివర ఆదివారం, వాళ్ళమ్మకి అన్నీ ఒక్కరోజులోనే చూపించెయ్యాలని ఈయన పట్టుదల. పొద్దున్నే అసకుసాలో కొట్లు తెరిచేదాకా నిలబడి పింగాణీ గిన్నెలు కొన్నారు. ఆ సంచితోనే రైలెక్కాం. తోషోగూలో చెక్క మీద చెక్కిన మూడు కోతులు, నిద్రపోయే పిల్లి చూసి, మెట్లెక్కి దిగేసరికి మధ్యాహ్నం దాటింది. "సరస్సు గంటలోపే" అంటూ బస్సెక్కించారు.

ఆ కొండదారిని ఇరోహాజాకా అంటారు. ఎక్కడానికొకటి, దిగడానికొకటి. రెంటిలో కలిపి 48 మలుపులు, ఒక్కో మలుపు దగ్గర వాళ్ళ పాత వర్ణమాల అక్షరం ఒకటి బోర్డు మీద ఉంటుంది. మా వాడు అక్షరాలు చదువుతూ కూర్చున్నాడు. కాసేపటికి చదవడానికి కొత్త అక్షరమే రాలేదు. బస్సు కదిలితేగా! ముందూ వెనకా కార్లు. పొద్దు వాలుతోంది. అత్తగారు నేతచీరలో, పల్చటి శాలువాలో ముడుచుకుపోయి కూర్చున్నారు. చాలాసేపటి నుంచి ఆవిడకి బాత్రూంకి వెళ్ళాలని ఉంది, కొడుకుతో చెప్పలేక పళ్ళ బిగువున కూర్చున్నారు. బస్సులో బాత్రూం లేదు, దిగితే చుట్టూ లోయ. పక్క సీట్లో జపాన్ ముసలావిడ ఈవిడ చేతులు పట్టుకు చూసి, సంచిలోంచి కైరో తీసి ఇచ్చింది. పొట్లం చింపితే దానంతటదే వేడెక్కుతుంది కదా, అది. మా అత్తగారు దాన్ని రొంటిన దోపుకున్నారు. భాష తెలియని వాళ్ళిద్దరూ ఒకళ్ళ వంక ఒకళ్ళు చూసి నవ్వుకుంటుంటే, నాకు ఈయన మీద కోపం ఇంకా ఎక్కువైంది.

పైకి చేరేసరికి చిమ్మచీకటి. కెగోన్ జలపాతం 97 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. మేం దాని హోరు విన్నాం, అంతే. సరస్సు ఉండేది దాదాపు 1,270 మీటర్ల ఎత్తున, ఆ గాలి ఎలా ఉంటుందో చెప్పాలా? దిగే బస్సుకి మళ్ళీ క్యూ. ఎక్స్‌ప్రెస్ తప్పిపోయింది, మామూలు రైళ్ళు మారుతూ ఇల్లు చేరాం. గిన్నెల సంచి మాత్రం ఈయన ఒళ్ళోంచి దించలేదు. తెల్లారేసరికి అత్తగారికి జ్వరం. అయినా కొడుకుని ఒక్క మాటనలేదు. "జలపాతం బాగా వినపడింది నాయనా" అన్నారు. మీ అమ్మా ఆ బాపతే, చిన్నీ. మోకాళ్ళు నొప్పెడుతున్నా నీతో చెప్పదు. అది అడిగేదాకా ఆగకుండా, ఎక్కడ దిగినా ముందు బాత్రూం ఎటుందో చూపించు.

అందుకని ఆ మూడు రోజులూ ఊళ్ళోనే ఉండండి. 25 బుధవారం తకావోకి వెళ్ళండి. షింజుకు నుంచి కేయో రైల్లో గంటలోపే, 599 మీటర్ల కొండ, కేబుల్ కారుంది. తొమ్మిదికల్లా అక్కడుంటే క్యూ తక్కువ. ఇంకో రోజు కామకురా ఊరు, పెద్ద బుద్ధుడి విగ్రహం. అక్కడ డిసెంబర్‌లోనూ ఆకులుంటాయి. నవంబర్ చివర్లో నాలుగున్నరకే పొద్దుగూకుతుంది, మూడింటికి వెనక్కి తిరగాలి. కైరోలు ఏ కొట్లోనైనా దొరుకుతాయి, అంటించుకునే రకమైతే ఒంటికి కాక బట్ట మీదే, లేకపోతే కాలుతుంది. ఎలుగుబంట్ల గురించి అడిగింది మీ అమ్మ. 2025లో అకితా, ఇవాతే ప్రాంతాల్లో మనుషుల్ని చంపిన మాట నిజమే, అది చాలా ఉత్తరాన. నాకైతే ఎలుగు కన్నా చలిలో బస్సు క్యూ అంటేనే భయం.

రైళ్ళకీ బస్సులకీ సుయికా కార్డులు తీసుకోండి, చంటాడికి అక్కర్లేదు, ఆరేళ్ళలోపు పిల్లలకి టికెట్ లేదు. అమ్మకి ఉడోన్ నూడుల్స్, మిసో సూప్ పెట్టించకు, ఆ రసంలో చేప ఉంటుంది. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకో. పచ్చి కరివేపాకు మాత్రం ఇక్కణ్ణుంచి మోసుకెళ్ళకు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. నిషికసాయ్‌లో మనవాళ్ళ కొట్లున్నాయి.

షాపింగ్ ఆఖరి రెండు రోజులకి ఉంచుకో. ఈ నవంబర్ 1 నుంచి పద్ధతి మారుతోంది. ఇదివరకు కొట్లోనే పన్ను తగ్గించేవాళ్ళు, ఇకమీదట పూర్తిగా కట్టి, తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో కస్టమ్స్ చూశాక వెనక్కి తీసుకోవాలి. ఒకే కొట్లో పన్ను కాకుండా 5,000 యెన్లు దాటాలి, పాస్‌పోర్టు చూపించాలి. వస్తువులు చూపించమంటారు కాబట్టి పెట్టె విమానం వాళ్ళకి అప్పగించకముందే ఆ పని కానీ. రైస్ కుక్కర్ ముచ్చట పడకు, అక్కడ కరెంటు 100 వోల్టులు, ఇక్కడ 230.

నాకేమీ తేవద్దు. మనసు ఊరుకోకపోతే టోక్యోలో వంటసామాన్ల వీధి కప్పాబాషీలో కూరలు తరిగే చిన్న కత్తి. కొట్లో కట్టిచ్చిన కట్టు విప్పకు, అక్కడ కత్తి పట్టుకు తిరిగితే పోలీసులు పట్టుకుంటారు. వచ్చేటప్పుడు చెక్-ఇన్ పెట్టెలోనే.

మీ పెదనాన్న పక్కన కూర్చుని ఇదంతా చదివి, "కార్లు ఆగిపోతే నా తప్పా?" అంటున్నారు. నీకు ఫోన్ చేసి చూజెంజీ బాగుంటుందని చెప్తారేమో. ఆయన మాట వినకు.

పెద్దమ్మ