పదో తరగతి పరీక్షలయ్యాక సెలవుల్లో ఏం చేయాలి?

పదో తరగతి పరీక్షలు అయ్యాక, జూన్‌లో ఇంటర్ తరగతులు మొదలయ్యేలోపు దాదాపు రెండు నెలలు దొరుకుతాయి. మొదటి వారం మాత్రం హాయిగా నిద్రపోండి, ఆడుకోండి. కీ చూసుకుని మార్కులు లెక్కేసుకుంటూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ రాదు.

డిప్లొమా ఆలోచన ఉంటే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయండి. ఇందులో 120 ప్రశ్నలు ఉంటాయి. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల నుంచి పదో తరగతి స్థాయిలోనే అడుగుతారు. చదివింది ఇంకా గుర్తుంటుంది కాబట్టి రోజుకు రెండు గంటలు పాత పేపర్లు చేస్తే చాలామందికి సరిపోతుంది. దరఖాస్తు గడువు మాత్రం ముందే చూసుకోవాలి.

ఈత నేర్చుకోవడానికి ఇదే మంచి అదను. కానీ స్నేహితులతో కలిసి చెరువుకో, క్వారీ గుంతకో వెళ్లకండి. ఏటా ఎండాకాలంలో పిల్లలు మునిగిపోయిన వార్తలు వస్తూనే ఉంటాయి. కోచ్ ఉన్న కొలనులో, పొద్దున్నే నేర్చుకోండి.

హాస్టల్‌కు వెళ్లబోయేవాళ్లు బట్టలు ఉతుక్కోవడం, అన్నం, చారు వండుకోవడం అమ్మానాన్నల దగ్గర నేర్చుకోవాలి, మగపిల్లలైనా సరే. బ్యాంకు ఖాతా లేకపోతే తెరిపించుకుని, డబ్బు వేయడం, తీయడం స్వయంగా చేయండి.

కార్పొరేట్ కాలేజీలు ఇంటర్‌కు ముందే పెట్టే బ్రిడ్జి కోర్సుల్లో ఏప్రిల్ నుంచే చేరిపోవడం నాకు నచ్చదు. ఇంటర్ రెండేళ్లూ ఊపిరాడని చదువే. అమ్మమ్మ ఊళ్లో పది రోజులు గడిపే తీరిక మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం, ఆ ఊరికి తప్పకుండా వెళ్లండి.