తోటకు ఏటీవీ కొంటున్న మేనల్లుడికి

జయనగర్, బెంగళూరు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

శ్రీనివాసపురం మామిడి తోటకు ఏటీవీ, అదే లావు టైర్ల నాలుగు చక్రాల బండి, కొంటున్నావని అక్క చెప్పింది. నీ మెసేజ్ కూడా చూశాను. సిల్క్ బోర్డు దగ్గర క్లచ్ తొక్కీ తొక్కీ మోకాలు పోయింది, ఇక గేర్ల జోలికి పోను, ఆటోమేటిక్కే తీసుకుంటాను అని రాశావు. కారుకైతే ఆ కారణం సరిపోతుంది. తోటలో ట్రాఫిక్ ఉండదు కదా నాన్నా. అక్కడ బండి సత్తా తెలిసేది క్రేట్లు వేసుకుని మిట్ట ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. ముఖ్యంగా దిగేటప్పుడు.

చాలా ఏటీవీల్లో ఆటోమేటిక్ అంటే సీవీటీ. మీ అత్తయ్య యాక్టివాలో ఉన్న పద్ధతే. ముందొక పుల్లీ, వెనకొక పుల్లీ, మధ్యలో బెల్ట్. రేస్ ఇచ్చేకొద్దీ ముందు పుల్లీలోని బరువులు బయటికి జరిగి దాని రెండు పళ్లేలనూ దగ్గరికి నొక్కుతాయి. బెల్ట్ పైకెక్కుతుంది, గేర్ మారినట్టే స్పీడు పెరుగుతుంది. పొలారిస్ అనే అమెరికా కంపెనీ వాళ్లు మంచు బళ్లలో వాడిన ఈ ఏర్పాటును 1985లోనే ట్రయల్ బాస్ ఏటీవీలో పెట్టారు. కాబట్టి ఇదేదో కొత్త సరుకని భయపడక్కర్లేదు.

ఎక్కడంలో ఆటోమేటిక్‌దే పైచేయి. ఏటీవీకి యాక్సిలరేటర్ కుడి బొటనవేలి దగ్గర చిన్న మీట, ఆటోమేటిక్‌లో దాన్ని నొక్కితే చాలు. గేర్ల బండి మిట్ట మధ్యలో ఆఫ్ అయిందనుకో, బ్రేక్ వదలకుండా క్లచ్ పట్టాలి, స్టార్ట్ చెయ్యాలి, రేస్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలాలి. ఈలోపు బండి వెనక్కి జారితే కంగారులో వెనక బ్రేక్ గట్టిగా పట్టేస్తారు. ముందు చక్రాలు లేచి బండి మీద పడేది అలాగే.

దిగేటప్పుడు లెక్క మారుతుంది. గేర్ల బండిని ఒకటో గేర్‌లో పెట్టి క్లచ్ ముట్టుకోకుండా వదిలితే ఇంజనే పట్టి ఉంచుతుంది. మామూలు సీవీటీలో యాక్సిలరేటర్ వదిలి ఇంజన్ నెమ్మదించగానే ముందు పుల్లీ బెల్ట్‌ను వదిలేస్తుంది. ఇక భారమంతా బ్రేకుల మీదే. వెనక నిండా కాయలున్నప్పుడు అది ప్రమాదం. అందుకే కొన్నిటిలో ఇంజన్ బ్రేకింగ్, అంటే ఇంజనే బండిని పట్టి ఉంచే ఏర్పాటు ఉంటుంది. యమహా అల్ట్రామాటిక్‌లో ఒకవైపే తిరిగే క్లచ్ ఒకటి పెట్టి, యాక్సిలరేటర్ వదిలినా బెల్ట్ బిగువు పోకుండా చూస్తారు. హోండా రాంచర్, రూబికాన్‌ల కొన్ని మోడళ్లలో బెల్టే ఉండదు, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ తనంతట తనే గేర్లు మారుస్తుంది. షోరూంలో రంగు, లైట్లు చూసే ముందు ఇంజన్ బ్రేకింగ్ ఉందా అని అడుగు. లేని ఆటోమేటిక్ కంటే గేర్ల బండే నయమంటాను.

సీవీటీ తీసుకుంటే లో రేంజ్ కూడా, అంటే వేగం తగ్గి లాగే సత్తా పెరిగే అమరిక, ఉండి తీరాలి. బరువు లాగేటప్పుడు, మిట్ట ఎక్కేటప్పుడు, గంటకు 10 కిలోమీటర్ల లోపు నడిపేటప్పుడు లో రేంజ్‌లోనే ఉంచాలి. మామూలుగా నడిపే హై నుంచి లో రేంజ్‌కి మార్చేది బండి పూర్తిగా ఆగాకే. దీన్ని లక్ష్యపెట్టకపోతే ఏమవుతుందో ఒక స్నేహితుడి తోటలో చూశాను. ఏటీవీకి తగిలించిన ట్రాలీ బురదలో దిగబడింది. నడిపే కుర్రాడు హై లోనే ఉంచి రేస్ ఇచ్చాడు. చక్రం కదల్లేదు, రబ్బరు కాలిన కంపు కొట్టింది. మూత విప్పితే లోపలంతా నల్లటి పొడి, బెల్ట్ ఒక్కచోట మాత్రం వేలు పట్టేంత గుంట పడింది. వెనక పుల్లీ కదలకపోయినా ముందు పుల్లీ ఆ ఒక్కచోటే రుద్దుతూ తిరిగింది మరి. బండి దిగబడితే లో రేంజ్‌లో పెట్టి మెల్లగా ప్రయత్నించాలి, రాకపోతే దిగి తోయాలి. వంక దాటినప్పుడు బెల్ట్ పెట్టెలోకి నీళ్లు పోయినా బెల్ట్ జారుతుంది. నీళ్లు తీసే బిరడా ఎక్కడుందో కొన్న రోజే చూపించమను.

సరదాగా దుమ్ము రేపుతూ తిప్పడానికైతే యమహా రాప్టర్ 700 లాంటి అయిదు గేర్ల బండిలో ఉన్న పట్టు వేరు, కాదనను. కానీ ఆ జాతి బళ్లలో వైఎఫ్‌జెడ్450ఆర్ లాంటి వాటికి రివర్సే లేదు. చెట్ల మధ్య ఎలా తిప్పుతావు? క్లచ్ మీట లేకుండా కాలితో గేర్లు మార్చే రకం కూడా ఉంది, మన పాత హీరో హోండా స్ట్రీట్ లాగా. తోట పనికి అది చెడ్డదేం కాదు.

ఇంకో సంగతి. వారమంతా ఆ బండి నడిపేది నువ్వు కాదు, తోట చూసుకునే పెద్దాయన. ఆయన చేతికి అలవాటైంది టీవీఎస్ ఎక్సెల్. ఈ వయసులో మిట్ట మీద ఆయన చేత క్లచ్ కసరత్తు చేయించకు. ఇంజన్ బ్రేకింగ్, లో రేంజ్ రెండూ ఉన్న ఆటోమేటిక్ తీసుకో. బండితోపాటే ఒక స్పేర్ బెల్ట్ కూడా కొని సీటు కింద పెట్టు. బెల్ట్ మోడల్‌ను బట్టి మారుతుంది. కాయలు కోసే రోజుల్లో అది తెగితే బండి సామాన్లు అమ్మే జేసీ రోడ్డంతా తిరిగినా దొరుకుతుందన్న ధీమా లేదు. చాలా ఏటీవీలకు రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి మండీకి దాని మీద వెళ్లే ఆలోచన పెట్టుకోకు. ఒక్కరు కూర్చునే బండి మీద రెండోవాళ్లను ఎక్కించనివ్వకు. ఆయనకూ ఒక హెల్మెట్ కొను.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ట్రయల్ అడుగు, షోరూం ముందున్న సిమెంట్ నేల మీద కాదు, వాలున్న చోట. మోడల్ ఎంత బరువు మోయగలదో పుస్తకంలో చూసి, ఆ లోపు బస్తాలు వెనక కట్టించి, లో రేంజ్‌లో పెట్టి దిగుతూ బొటనవేలు తీసెయ్. బండి తనంతట తను నెమ్మదిస్తే సరే, జోరందుకుంటే వెంటనే బ్రేక్ పట్టి ఇంకో మోడల్ చూడు. పెద్దాయన్ను కూడా వెంట తీసుకెళ్లి ఆయన చేత నడిపించు.

మీ మావయ్య